నుదురు చదివే పాప

చర్మ వైద్యురాలు అద్దం చేతికిస్తే, వచ్చినామె చూసుకోకుండానే పక్కన పెట్టేసింది.

“కనుబొమల మధ్య గీతలు మీ వయసుకి మామూలేనమ్మా. బొటాక్స్ సూది ఎందుకు?”

“అందానికి కాదండీ. రిపోర్టు ఏమొచ్చిందో నా నుదురు చూసి మా పాప చెప్పేస్తోంది. మొన్న తలనొప్పని గుడ్డ కట్టుకున్నా. ‘ఈసారి అంత బాలేదా అమ్మా?’ అంది.”

“పాపకేమైంది?”

“బ్లడ్ కేన్సరు. ఇక లాభం లేదని మందులు ఆపేశారు. దానికి తెలీదు.”

“సూది వేసిన వారానికి నుదురు ముడత పడ్డం ఆగిపోతుంది. కళ్ళనైతే నేనేం చెయ్యలేనమ్మా.”

“కళ్ళ సంగతి నేను చూసుకుంటా.”

“మూడు నాలుగు నెలలే పనిచేస్తుంది. తర్వాత మళ్ళీ వేయించుకోవాలి.”

“అన్నాళ్ళు అక్కర్లేదండీ. వెయ్యండి.”