ఇంజిను చప్పుడు

కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లిన సాలూరు లారీ మెకానిక్ పొద్దువాలాక ఇంటికొచ్చాడు. భార్య నీళ్ల చెంబు అందించింది.

“ఏటయింది మావా?”

“ఇంజిను బొమ్మ కాయితమ్మీద గియ్యమన్నారే. పాతికేళ్లు లారీలు బాగుసేసినోణ్ణి, బొమ్మలు గీస్తానేటి?”

“మరి నువ్వేటన్నావు?”

“బండి స్టార్టు సెయ్యండి, స్క్రూడ్రైవరు ఇంజినుకి తగిలించి, పిడికి సెవి ఆనించి రోగం సెప్పేస్తానన్నాను.”

“ఒప్పుకోలేదేటి?”

“ఒప్పుకున్నారు. స్టార్టు సేసారు.”

“సెప్పేసుంటావు.”

“ఆ సెవీ పెట్టాను, ఈ సెవీ పెట్టాను. ఏటీ ఇనబడలేదే. సెవులు పోయినట్టున్నాయి. నీకెలగ సెప్పాలో తెలవక బస్టాండులోనే కూకుండిపోనాను.”

“నాకు తెలుసు మావా. రెండేళ్లబట్టీ నీతో అరిసే మాటాడతన్నాను.”