సాగర్ నీళ్లు తాగిన ఫ్యాను

సూర్యాపేట బస్టాండు ఎదుట పుష్పాబాయి టీ కొట్టులో సాయికిరణ్ కంప్యూటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం మిర్యాలగూడలో గేమ్ పోటీ. ఎవరి కంప్యూటర్ వాళ్లే తెచ్చుకోవాలి. అతనిది విండోస్ కాదు, లైనక్స్. రిపేరు షాపు శ్యాంసుందర్ మొన్ననే కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించాడు, అయినా దాని మీద ఆడే విండోస్ గేమ్ నత్తనడకే.

"దీనికి డ్రైవర్, అంటే కార్డును నడిపే ప్రోగ్రాం, రాయాలె తమ్మీ. నాలుగు దినాలు నా తాన ఉంచు," అన్నాడు పక్కనే టీ తాగుతున్న శ్యాంసుందర్.

"పోటీ ఇయ్యాల్నే అన్నా!" సాయికిరణ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"పరేషాన్ గాకు. కోదాడల ఒక గేమ్ సెంటరుంది. గీ లైనక్సే, గీ నత్తనడకే. నేను పోయి కార్డు పెట్టి, చాయ్ చల్లారేలోపు డ్రైవర్ రాసిన."

"మరి నాకెందుకు నాలుగు దినాలు?"

"నీది మొండి కార్డు. ఇను. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? బటన్ నొక్కకముందే తుపాకి పేలుడు! గేమ్‌ల దొంగలు 'అన్నా, జర మెల్లగ, మాకు సచ్చే టైమన్న ఇయ్యి' అని ఒకటే మొక్కుడు!"

"అబ్బో!" అంది పుష్పాబాయి.

"ఆగక్కా, అసలుది వినలే. కార్డు ఫ్యాను గాలికి గరిడేపల్లి కల్లాలల్ల తడిసిన వడ్లు గంటల ఎండినయి! మిర్యాలగూడ మిల్లోళ్లు 'మా దిక్కు తిప్పు' అని ఫోన్ల మీద ఫోన్లు. ఇగ అది గుంజే కరెంటా? సాగర్ కాడి నుంచి ఇంజినీరే ఫోన్ జేసిండు. 'సారూ, మీరు ఒక్క లెవెల్ ఆడితే డ్యామ్‌ల నాలుగడుగుల నీళ్లు దిగుతున్నయ్, ఆపుండ్రి' అని ఒకటే ఏడుపు!"

సాయికిరణ్ కళ్లు మెరిశాయి. "నాది గూడ గట్ల ఉరుకుతదా అన్నా?" అంటూ డబ్బా అందించబోయాడు.

వెనక బల్ల మీద ఇటు వీపు పెట్టి టీ తాగుతున్న మనిషి తిరిగాడు. "ఆగు తమ్మీ. నా పేరు ధన్‌సింగ్. ఆ కోదాడ సెంటర్ నాదే."

శ్యాంసుందర్‌కు పొలమారింది.

"అన్న కార్డు పెట్టింది నిజమే. స్క్రీన్ వైరు మాత్రం పాత రంధ్రంలనే వదిలేసి పోయిండు. రెండు రోజులు కార్డు ఉత్తగ కూసుంది. నేనే వైరు తీసి కార్డుకు పెట్టిన, ఉరికింది. డ్రైవర్ అంటవా, అది మా లైనక్స్‌తోనే వచ్చింది."

సాయికిరణ్ డబ్బాను గిర్రున తిప్పి చూశాడు. కొత్త కార్డు రంధ్రానికి ప్లాస్టిక్ మూత ఇంకా ఊడనే లేదు; తన స్క్రీన్ వైరూ మొన్నటి నుంచి పాత రంధ్రంలోనే ఉందన్నమాట. సంతోషం పట్టలేక అరిచాడు, మూత పీకి పారేశాడు, డబ్బా ఎత్తుకుని మిర్యాలగూడ బస్సు వెంట పరుగెత్తాడు.

శ్యాంసుందర్ గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"సూసినవా అక్కా, నేను చెయ్యి పెట్టకముందే బాగైంది!"