ఆడమనిషి చేతికి సరిపడే రంపం

"అమ్మమ్మా, నువ్వు రంపం మిషన్‌తో కట్టెలు కోస్తావని హాస్టల్లో చెప్తే ఎవరూ నమ్మట్లేదు. అసలెలా మొదలైందో చెప్పవా, ఫోన్లో రికార్డ్ చేసుకుంటాను."

నమ్మకపోతే మానెయ్యమను. అది తిరుగుతోందా ఇప్పుడు? సరే, కాస్త ఇటు జరుగు. అదిగో, అరుగు మీదున్న మీ తాతయ్యకి కుడి చెవి వినపడదు, ఇన్నేళ్ళు ఆ మిషన్ పక్కనే మోగింది కదా. ఎడమ చెవి పర్లేదు. అందుకే ఆయన్ని ఏమన్నా అనుకోవాలంటే నేను కుడి వైపు వచ్చి కూర్చుంటాను.

నేను ఈ ఊరు కాపురానికొచ్చినప్పుడు మిషన్లెక్కడివమ్మా. గొడ్డలి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాగే పెద్ద రంపం, అంతే. మీ తాతయ్య ఒక కొసా, వాళ్ళ అన్నయ్య ఒక కొసా. అప్పట్లో బండెడు సరుగుడు కట్టె పాతిక రూపాయలు. కాదులే, ముప్పై. పాతిక మా నాన్న వాళ్ళూళ్ళో. మా బావగారు మంచాన పడ్డాక రెండో కొస పట్టేవాళ్ళు లేక ఈయన మిషన్ కొన్నాడు. చిన్నది. దాంతోనే పదిహేనేళ్ళు లాక్కొచ్చాడు. కాలవ గట్టున మన కట్టెల దొడ్డి చూశావు కదా, గన్నవరం నుంచి మంగళగిరి దాకా మన కట్టె వెళ్తుంది. పెళ్ళి వంటల వాళ్ళకీ, నూలుకి రంగులేసే వాళ్ళకీ.

ఎక్కడున్నాను? ఆ, అసలు మొదలు ఒక చింతచెట్టు దగ్గర. రెండేళ్ళ కిందట గాలివానకి పక్క ఊళ్ళో ఒక తోటలో చింతచెట్టు పడిపోయింది. దాని మొదలు ఇద్దరు మనుషులు చేతులు కలిపినా అందదు. చింత అంటే తెలుసుగా, రాయి. పిలిస్తే వెళ్ళి ఈయన రెండు రోజులు కోశాడు. మిషన్ వేడెక్కడం, ఆగడం, ఈయన దాన్ని తిట్టడం. మూడో రోజు ఆ తోట వాళ్ళబ్బాయి వచ్చి, పాపం మర్యాదగానే, "పెద్దాయనా, మీరు నీడన కూర్చోండి, వేరే వాళ్ళని పిలిపిస్తాలే" అన్నాడు.

అంతే. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "పెద్ద మిషన్ కొంటాను. ఉన్నవాటిల్లో అన్నిటికన్నా పెద్దది" అన్నాడు. అరవై ఏడేళ్ళమ్మా అప్పటికి.

కానీ నాకొక సంగతి తెలుసు. అప్పటికి ఏడాదిగా ఆయన వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఆ మిషన్ అదురుకి. చలి పూట వేళ్ళ కొసలు సున్నం రాసినట్టు తెల్లగా అయిపోయేవి. చొక్కా గుండీలు పెట్టుకోలేక, "ఈ కాజాలు సరిగ్గా కుట్టలేదే" అని దర్జీ మీద పెట్టేవాడు. నేనూ అవునండీ, ఆ దర్జీకి బొత్తిగా పనితనం లేదు అని గుండీలు పెట్టేసేదాన్ని. ఆయన దాచుకున్నాడు, నేను చూడనట్టున్నాను.

సరే, విజయవాడ వెళ్ళాం. నేనెందుకని అడిగితే, తిరిగొచ్చేటప్పుడు పసుపూ కుంకుమా కొనాలన్నాను. బస్సు దిగి ఆటోలో రంపం మిషన్లమ్మే షాపుకెళ్ళాం. అక్కడి మెకానిక్, నలభై ఏళ్ళుంటాయి, మంచివాడు. ఈయన వెళ్ళీ వెళ్ళగానే గోడకున్న పెద్దదాన్ని చూపించాడు. ఖాళీగా ఉంటేనే ఏడు కిలోలు. పెట్రోలు, ఆయిలు పోస్తే ఇంకా బరువు.

మెకానిక్ దాన్ని దించి చేతికిచ్చాడు. "కాసేపు పట్టుకుని చూడండి బాబాయ్ గారూ" అన్నాడు. ఈయన పట్టుకున్నాడు. టీ తెచ్చారు. నేను నిదానంగా ఊదుకుంటూ తాగాను, కావాలనే. సగం గ్లాసయ్యేసరికి మిషన్ ముక్కు కిందకి వాలింది. "ఫ్యాను గాలికి ఊగుతోంది" అన్నాడు మీ తాతయ్య. ఫ్యానేమో అవతల మూలనుంది.

అప్పుడా మెకానిక్ అడిగాడు. "వేళ్ళు తిమ్మిర్లెక్కడం లాంటివేమన్నా ఉన్నాయా బాబాయ్ గారూ? ఉంటే ఇది ఇవ్వను."

"అబ్బే, లేదు" అన్నాడు. అని నా వైపు చూశాడు. ఆ చూపు నేను మా పెళ్ళప్పుడు కూడా చూడలేదమ్మా. చెప్పెయ్యనా అనిపించింది. నోటి దాకా వచ్చింది. షాపు నిండా జనం. చెప్తే ఆయన పరువేం కాను, చెప్పకపోతే ఆ చేతులేం కాను?

గ్లాసు కింద పెట్టి, "నాయనా, మిషన్ నా కోసం కూడా. నేనూ కోస్తాను. ఆడమనిషి చేతికి సరిపడేది చూపించు. కానీ బలంగా ఉండాలి, చింత కొయ్యాలి" అన్నాను.

అందరూ నవ్వారు. మీ తాతయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు. "మా ఆవిడ కోస్తుందటండీ" అని అక్కడున్న వాళ్ళందరికీ చెప్పాడు. మెకానిక్ మాత్రం నవ్వలేదు. నన్నోసారి చూసి, లోపలికెళ్ళి మధ్య రకంది తెచ్చాడు. పాతదానికన్నా రెట్టింపు బలం, పెద్దదానికన్నా తేలిక, పిడి దగ్గర స్ప్రింగులుంటాయి, అదురు చేతికి అంతగా రాదు. "పిన్నిగారికి ఇది సరిపోద్ది" అన్నాడు. "సర్లే, మా ఆవిడ కోసమే కదా" అని ఈయన ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత చూడు నా తిప్పలు. మర్నాడు పొద్దున్నే దొడ్లో మిషన్ నా ముందు పెట్టి, "రావే, నీ కోసం కొన్నాంగా" అన్నాడు. వదిలితే ఒట్టు. చీర మీద ఆయన పాత చొక్కా తొడిగించాడు, కళ్ళద్దాలు పెట్టాడు, కొంగు రెండు చుట్లు బిగించి దోపించాడు. మిషన్ స్టార్ట్ చేసే తాడు ఆయన లాగాడు. మొదటి సరుగుడు కొమ్మ వంకరటింకరగా కోశాను. ఆయన మాత్రం నవ్వలేదమ్మా. వెనకాలే నిలబడి, "తొందరేం లేదు, అదే కోస్తుంది, నువ్వు నొక్కకు" అంటూనే ఉన్నాడు.

పది రోజులకి దుంగ మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాం. ఉన్నట్టుండి, "షాపులో నువ్వు చెప్పేస్తావనుకున్నాను" అన్నాడు.

"ఏం చెప్తాననుకున్నారు?"

రెండు చేతులూ నా ముందు చాపాడు. "తెలుసుగా నీకు" అన్నాడు. "నా పని అయిపోయిందంటారని భయమేసింది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం పద."

వెళ్ళాం. పోయిన స్పర్శ మొత్తం రాకపోవచ్చన్నాడు డాక్టరు. మిషన్ పట్టేది తగ్గించమన్నాడు, మానక్కర్లేదన్నాడు. అప్పటి నుంచీ సన్నకట్టె నాది, లావు మొద్దులు ఆయనవి, అవీ కాసేపు కోసి కాసేపు ఆగి. ఆ చింత మొదలు నెల పట్టింది, మేమిద్దరమే తెగ్గోశాం. మంగళగిరిలో రంగులేసే ఆయన ఫోన్ చేసి, "ఈసారి కూడా అమ్మగారు కోసిన కట్టే పంపండి, ముక్కలన్నీ ఒక్క కొలతలో ఉంటున్నాయి" అంటే, మీ తాతయ్య పూటంతా నాతో మాట్లాడలేదు.

ఏవిటండీ? మీ గురించి కాదు, కరెంటు బిల్లు గురించి చెప్తున్నాను. చూశావా, వినపడదు గానీ అనుమానం మాత్రం వస్తుంది.

చాల్లే, ఆపు ఇక దాన్ని. నిన్ను చూసి నవ్వినవాళ్ళే రేపు పని కోసం నిన్ను వెతుక్కుంటూ రావాలి తల్లీ, నూరేళ్ళు గట్టిగా బతుకు. లే, వంకాయ కూర చల్లారిపోతోంది, మీ తాతయ్యని కూడా పిలువు… కాస్త గట్టిగా పిలువు…