పోచన్నకు ఫ్రెంచి బిరుదు

"నేను గొప్పలు చెప్పుకునేటోణ్ణి కాదు, మీ అందరికి ఎర్కే," అని పోచన్న గొంతు సవరించుకోగానే ఖమరుద్దీన్ స్టవ్ మీద ఇంకో గిన్నె నీళ్ళు పెట్టాడు. ఒక్క గిన్నె చాయ్‌తో తేలే ముచ్చట కాదని అతనికి తెలుసు.

శుక్రవారం, డ్యూటీ లేదు. ఈ అరబ్బు దేశంలో, అజైబాలోని మా కంపెనీ క్యాంపు వెనక పంపు గది నీడలో కూర్చున్నాం. ఆ గది గోడకు ఎప్పుడూ ఒక నిచ్చెన ఆనించి ఉంటుంది. దాని పక్కనే వీపు ఆనించి పోచన్న. ఎదురుగా జితేందర్, ఒళ్ళో బారెడు డ్రాయింగ్ కాగితం పరుచుకుని. వేరే క్యాంపు నుంచి మొన్ననే మా రూమ్‌కు వచ్చాడు. ఏళ్ళ తరబడి హెల్పరుగా సిమెంటు బస్తాలు మోసి మోసి నడుము పడిపోయింది. తెల్లారితే ఇంజినీరు ముందు ఆ డ్రాయింగ్ చూసి ఒక గది కట్టి చూపించాలి. కడితే మేస్త్రి. కట్టలేకపోతే మళ్ళీ బస్తాలే, ఆ నడుముతో ఇక మోయలేడు, ఇంటికి పోవాల్సిందే. అందుకే పొద్దున్నుంచి "అన్నా, ఈ గీతలు జర సమజ్ చెయ్యవా" అని పోచన్న వెంట పడ్డాడు.

"సమజ్ చేసుడా? తమ్మీ, సరైన మనిషి దగ్గరికే వచ్చినవ్. కువైట్ లొల్లి సల్లారిన ఏడు మా సైట్ మీద లుసియెన్ సార్ అని ఫ్రెంచోడు ఇంజినీరు ఉండె. మంచోడే గని ఆయన ఇంగ్లీషు ఆయనకే ఎర్క. పైపుల నీళ్ళు పోసి గోడ లెవెల్ ఎట్ల చూడాల్నో పొద్దటి సంది చెప్తాండు, మనోళ్ళు ఎనిమిది మంది నోళ్ళు తెర్సుకొని నిలవడ్డరు. గప్పుడు నన్ను పిలిచిండు. నేనేమన్న? ఓరి, నీళ్ళకు చిన్నా పెద్దా లేదు, పైపు రెండు కొసలల్ల ఒక్క తీరుగనే నిలవడ్తయ్, గాడ గీత గియ్యిండ్రి, గదే లెవెల్. అంతే! ఆ ఊపుల ఆ గది డ్రాయింగ్ గూడ మొత్తం చెప్పేసిన. ఎనిమిది తలకాయలు ఒక్కసారే ఊగినయ్, సమజైంది అన్నా అని."

"ఆ ఎనిమిది మందిల నేనొకణ్ణి," అన్నాడు గంగాప్రసాద్, గ్లాసులోంచి తల ఎత్తకుండా.

"చూసినవా, సాక్షి సుత ఉన్నడు! లుసియెన్ సార్ నా చెయ్యి పట్టుకున్నడు. పోచన్నా, పెద్ద సదువుల ముచ్చట మామూలు మనిషి తలకెక్కేటట్టు చెప్పుడుకు మా ఫ్రెంచిల ఒక మాటున్నది, వుల్గారిజాసియోఁ అంటరు. అండ్ల పై తరగతిది ఓత్ వుల్గారిజాసియోఁ. మా దేశంల అది చేతనైనోళ్ళు వేళ్ళ మీద లెక్క, ఇయ్యాల్టి సంది ఆ బిరుదు నీది అన్నడు."

"ఏదీ, మళ్ళొకసారి అను," అన్నాడు ఖమరుద్దీన్.

"ఓత్ వుల్గారిజాసియోఁ. పలుకుడు కష్టమే, నాకైతే పుట్టంగనే వచ్చినట్టున్నది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నేను చెప్తాంటె గాడ ఒక ఒంటె సుత నిలవడి విన్నది."

"అన్నా, గీ పావు చక్రం లెక్కున్న గీత ఏంది?" అని జితేందర్ కాగితం మీద వేలు పెట్టాడు.

"ఆగు తమ్మీ, గాడికే వస్తాన్న. తెల్లారి ఆ ఒంటె గోడ దగ్గరికొచ్చి మెడ సాపి సూసింది. రెండు వరుసలు వంకరున్నయ్. ఫుర్రుమన్నది. మేస్త్రి మారు మాట్లాడకుంట పీకి మళ్ళ కట్టిండు."

"ఒంటెకు తెలుగొస్తదా ఉస్తాద్?" అన్నాడు ఖమరుద్దీన్.

"రాదు! రాకున్నా సమజైతేనే గద వుల్గారిజాసియోఁ! తెలుగొచ్చినోళ్ళకు చెప్పుడు ఎవలతోనన్న అయితది. ఆ పేరు ఊరంత పాకింది. అటు దార్సైట్ బస్తీల కెళ్ళి కుటుంబాలు సద్దులు కట్టుకొని వచ్చుడు. ఇటు బౌషర్ దవాఖాన కెళ్ళి కోస్తా నర్సమ్మలు వచ్చి, అన్నగారూ, మా దవాఖానల ఒకాయనకు గుండె ఆపరేషన్, భయపడ్తున్నడు, కొంచెం చెప్పండి అన్నరు. పోయిన. గుండె అంటే మోటారు, నరాలంటే పైపులు, గీడ వాల్వు లీకైతాంది అని ఇట్ల చెప్పిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆయన లేచి కూసున్నడు. గింతేనా, డాక్టరెందుకు, ఆ కత్తి ఇటియ్యి, నేనే చేసుకుంట అన్నడు!"

చాయ్ గొంతులో పడి ఖమరుద్దీన్ దగ్గాడు. గంగాప్రసాద్ మాత్రం నవ్వలేదు, జితేందర్ ఒళ్ళోని కాగితం వైపే చూస్తున్నాడు.

"చేసుకున్నడా?" అన్నాన్నేను.

"కుట్లు సుత ఏసుకున్నడు, డాక్టర్ల కంటె నీటుగ. అది ఇడ్సిపెట్టుండ్రి. ఒకనాడు మన అజైబా సముద్రం ఒడ్డుకు నిలవడి నా అంతట నేనే లెవెల్ ముచ్చట మాట్లాడుకుంటున్న. సముద్రం విన్నది. విని, మరి నేను ఏళ్ళ సంది ఒడ్డు మీదికి ఎందుకు ఉరుకుతాన్న అని సిగ్గువడి ఆగింది. అల లేదు, సప్పుడు లేదు, సిమెంటు ఫ్లోరింగ్ తీరు. చేపలు పట్టేటోళ్ళు వచ్చి మొత్తుకున్నరు. నీది లెవెల్ పైపు కాదు, నువ్వు సముద్రానివి, నీకు మాఫ్ అని మళ్ళ సమజ్ చేసి పంపేసరికి నా గొంతు పోయింది."

"అన్నా, నాకు రేపే పరీక్ష. గీ గీత..." జితేందర్ గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ.

"గదే తమ్మీ, గదే! ఆ సముద్రం ముచ్చట ఫ్రాన్స్ దాక పోయింది. ఇమానం పంపిండ్రు. ఎక్కినంక ఊకుంటనా, ఇమానం ఎట్ల ఎగురుతదో పక్క సీటాయనకు చెప్పిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఇమానంలున్నోళ్ళందరికి సమజైంది, నేను నడుపుత అంటె నేను నడుపుత అని పైలట్‌ను లేపి కూసున్నరు. తలా కొంత దూరం నడిపి పారిస్‌ల దించిండ్రు. గాడ మైదానంల నిలవెట్టి మైకు ఇచ్చిండ్రు. లెక్కలు, చుక్కలు, కరెంటు, కడుపునొప్పి, అన్ని మన క్యాంపు భాషల చెప్పిన. పొద్దు గూకేసరికి ఆ దేశంల సమజ్ కానోడు ఒక్కడు లేడు. బడులకు తాళాలు వడ్డయ్. ప్రొఫెసర్లొచ్చి కాళ్ళ మీద పడ్డరు, పోచన్నా, మా పిల్లగాండ్లు ఏం తినాలె అని. నాకు దుఃఖమొచ్చింది. మనం గూడ పొట్ట చేత పట్టుకొని వచ్చినోళ్ళమే గద! ఇగ చేసేది లేక కొన్ని సదువులను మళ్ళ కఠినం చేసి ఇచ్చి వచ్చిన."

"అయితే గీ గీత గట్ల కఠినం చేసిందేనా?" అన్నాడు జితేందర్.

పోచన్న మొదటిసారి కాగితం వైపు చూశాడు. చాయ్ ఒక గుటక ఎక్కువే మింగాడు.

"అదా... అది ఉత్త సోకు గీత తమ్మీ. ఇంజినీర్లు పెన్ను ఊకె తిప్పుతరు. రేపు దాన్ని ఇడ్సిపెట్టి గోడ సక్కగ కట్టు, అయిపాయె."

గంగాప్రసాద్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇప్పటిదాక ఊకున్న. ఒంటెకు చెప్పుకో, సముద్రానికి చెప్పుకో, నాకేం పోయింది? ఈని నడుం మీదికి తేకు. సాక్షినంటివి గద, ఇను జితేందర్. ఆ దినం ఈయన డ్రాయింగ్ చెప్తాంటె మాకు ఒక్క ముక్క సమజ్ కాలె. బస్సు డ్రైవర్ హారన్ మీద హారన్. కడుపుల ఆకలి. అందరు సమజైందనేదాక ఈయన ఇడ్వడు. ఊపినం తలకాయలు. తెల్లారి ఈయన చెప్పినట్టే కట్టినం. లెవెల్ మాట అబద్ధం కాదు, గోడ లెవెల్‌గనే లేచింది. నాలుగు దిక్కుల లేచింది. స్లాబ్ సుత పడ్డది. ఫ్రెంచోడొచ్చి గది చుట్టూ తిరిగిండు, తిరిగిండు, తలకాయ పట్టుకున్నడు. ఆ పావు చక్రం తలుపు తమ్మీ. తెరిస్తే ఎటు తిరుగుతదో సూపే గీత. మేం కట్టిన గది ఈయన ఎనుక ఉన్నదే, లేసి సూడు."

జితేందర్ లేచి పంపు గది చుట్టూ తిరిగి వచ్చాడు. అటు గోడ, ఇటు గోడ, వెనక గోడ, ముందు గోడ. తలుపు లేదు. పైన మనిషి పట్టే వెంటిలేటర్ ఒకటి, దాని కింద నిచ్చెన. తలుపు కొట్టించండని మేం అడిగినప్పుడల్లా కంపెనీ "బుక్రా, బుక్రా" అంటుంది. వాళ్ళ రేపు ఇంతవరకూ రాలేదు.

"మరి బిరుదు?" అన్నాడు ఖమరుద్దీన్.

"బిరుదు ముచ్చట నాకెర్క లేదు. ఫ్రెంచోడు ఈయన చేతికి నిచ్చెన ఇచ్చి పోయిండు, అది మాత్రం కండ్లార సూసిన."

పోచన్న నోరు తెరిచేలోగా బాత్‌రూముల దిక్కు నుంచి కేక వినబడింది. "నీళ్ళు బంద్! నెత్తికి సబ్బున్నది!"

"ఉస్తాద్, ఎక్కు, మోటారు ఎయ్యాలె," అన్నాడు ఖమరుద్దీన్ మర్యాదగానే.

పోచన్న లుంగీ ఎగకట్టాడు. జితేందర్ నవ్వలేదు, పోయి నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు. పాపం, మనిషి మంచివాడే. పోచన్న తల లోపలికి, కాళ్ళు బయటికి కాసేపు ఊగాడు, దబ్బున లోపల పడ్డ చప్పుడైంది. కాసేపటికి గోడ లోపలి నుంచి గొంతు.

"జితేందర్! సమజైందా ఆ గీత?"

"సమజైంది అన్నా! సచ్చేదాక మర్వ!"

"మరి! ఇన్ని దినాలు తలుపు పెట్టకుంట ఆపింది ఎవలి కోసమనుకున్నవ్? ఇదే తమ్మీ ఓత్ వుల్గారిజాసియోఁ! ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా..."

మోటారు మొదలైంది. ఆ తర్వాత ఏమైందో మాకు వినబడలేదు.