బంగాళాదుంపల వెనక ఉప్పు

ఆల్మాటీలో తొలెగెన్ చనిపోయిన నలభయ్యో రోజు భోజనాలు ముగిసి, చుట్టాలు వెళ్లిపోయారు. ఉప్పునీళ్ల గాజుతొట్టిలో ఆయన పెంచిన పగడాల ముందు ఆయన భార్య, ఆయన్ని అన్నా అని పిలిచే స్నేహితుడు టీకి కూర్చున్నారు.

“కప్పు నిండా పోశావేంటి వదినా, మనలో నిండు కప్పిస్తే అతిథిని ఇక లేచి వెళ్లమనేగా?”

“పరధ్యానంలో పోశాను మరిదీ. కూర్చో.”

“ఎంత నిగనిగలాడుతున్నాయో చూడు! రెండేళ్లు నీళ్లు మార్చకుండా పెంచాడు అన్న. బతికుండగా ఆ పద్ధతి ఎవరికీ చెప్పనివ్వలేదు. ఇప్పుడు మన పగడాల సంఘంలో అందరికీ చెబుతాను, అన్న పేరుతోనే.”

“చెప్పకు.”

“ఎందుకు?”

“వాళ్ల పగడాలు చచ్చిపోతాయి. నాచే మురికి తినేస్తుంది, రోజూ నాలుగు చుక్కల మందు చాలు అనేవారు మీ అన్న. మూడో నెలకే అన్నీ ముడుచుకుపోయాయి. ఆయన తిండి మానేశారు. అప్పట్నుంచీ ప్రతి గురువారం ఆయన పనికి వెళ్లగానే రెండు బకెట్లు తోడేసి కొత్త ఉప్పునీళ్లు పోసేదాన్ని.”

“ఉప్పెక్కడిది?”

“బాల్కనీలో బంగాళాదుంపల వెనక పాత బస్తా ఉండేది. ఎంత తీసినా తరిగేది కాదు. మా అత్తగారి దీవెన అనుకున్నా.”

“వదినా... ఆ బస్తా నింపింది నేను.”

“నువ్వా?”

“రెండు నెలలకోసారి, నువ్వు ఇంట్లో లేనప్పుడు, అన్నే ఉప్పు తెప్పించి అందులో పోయించేవాడు. నీళ్లు మార్చనివాడికి ఉప్పెందుకంటే నవ్వేసి, ‘మీ వదినకు చెప్పకు’ అనేవాడు.”

“అన్నీ తెలిసే, రోజూ నా ముందు ఆ పద్ధతిని పొగిడేవారా! నేనూ అవునవునంటూ తలూపేదాన్ని.”

“బస్తాలో ఇంకా ఎంతుంది?”

“ఈ గురువారానికి సరిపోతుంది.”

“రేపు తెస్తాను.”

“ఇక దాచక్కర్లేదు మరిదీ. గుమ్మంలోనే పెట్టు.”