రాతి మీద పద్దెనిమిది

ఏదీ, ఆ శిలువా? నువ్వూ మోసపోయావా విన్నీ! లండన్ నుంచి వచ్చే పెద్దమనుషులు కూడా అది ఆరువందల ఏళ్ళ నాటిదనుకుని టోపీలు తీస్తారు. పాతదీ లేదు, పాడూ లేదు. దాన్ని నిలబెట్టేనాటికి నాకు పెళ్ళి కూడా అయింది. దాని కింద పూడ్చింది పిండిమిల్లు ఒబదయా ప్లమ్‌ట్రీని. వీరులూ కత్తులూ అంటూ పాతకాలం పిచ్చి ఆయనకి. ఆ పాములూ, అల్లికలూ, గూళ్ళలో పునీతులూ అన్నీ ఆయన చెప్పిపోయినవే. ఇంట్లో మాత్రం టీ పెట్టెకి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకు తిరిగేవాడు. ఆయన్ని పూడ్చొచ్చిన సాయంత్రం ఆయన పెళ్ళాం, అదే మా పక్కింటి కెజియా పిన్ని, ఆ తాళాన్ని సుత్తితో పగలగొట్టి నాకూ ఓ కప్పు పోసింది.

ఇంతకీ ఏం చెప్తున్నాను? ఆఁ, మెట్టు. శిలువ కింద మెట్టు చూడు. "ఆయన భార్య కెజియా, మరణం 18" అని ఆగిపోయిందా? అది ఆడపడుచు లెటీషియా నిర్వాకం. "ఇప్పుడే చెక్కించేస్తే అక్షరాలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి వదినా. తర్వాత రెండంకెలు వేస్తే సరి" అందిట. బతికున్న మనిషికి! ప్రతి ఆదివారం తన చావు మీదుగా గుడికెళ్ళాలి. పిన్ని పాదిరిగారి దగ్గరికి పోయి, "అయ్యా, ఆయన పక్కన వద్దు. ఆ గోడ వార నన్నొక్కదాన్నే పెట్టండి" అని బతిమాలింది. పాదిరిగారు కళ్ళు మూసుకుని, "రాతి మీద ఎలా ఉంటే అలాగేనమ్మా" అన్నాడు. "మాట మీదుంటారా?" "ఎందుకుండను?"

అంతే, ఆవిడ చావడం మానేసింది. నవ్వకే, నిజం!

పద్దెనిమిది వందల తొంభై తొమ్మిది చలికాలంలో రొమ్ము పట్టేసి మంచమెక్కింది. డాక్టరు పెదవి విరిచాడు. లెటీషియా నల్లబట్టలు కుట్టించుకుని మరీ దిగింది. "అన్నయ్య ఎదురుచూస్తున్నాడు వదినా" అని ముక్కు చీదుతుంది. "చూడనీ. ఆయనెప్పుడు గడప దాటతాడా అని నేను బతుకంతా చూశాను" అంటుంది పిన్ని. నావైపు తిరిగి, "ఇవాళ తారీఖెంత?" రోజూ అదే అడగడం. క్రిస్మస్ నాడు గొంతులో పిల్లికూతలు. అయిపోయిందనే అనుకున్నాను. కొత్త సంవత్సరం పొద్దున గుడి గంటలు మోగాయో లేదో, లేచి కూచుంది. రెండు గుడ్లు తిని, శాలువా కప్పుకుని, నా భుజం పట్టుకుని తిన్నగా పాదిరిగారింటికి! "అయ్యా, రాయి ప్రకారం నేను పోవాల్సిన కాలం దాటిపోయింది. పందొమ్మిది వందలొచ్చాయి. ఇప్పుడెలా పెడతారు నన్నక్కడ?"

ఆయన గాభరాగా శిల్పిని పిలిపించాడు. వాడు తల గోక్కుని, "పాతకాలపు పద్ధతండీ, ఉబ్బెత్తు అక్షరాలు. పద్దెనిమిదిని చెరిపి పందొమ్మిది చెక్కడం కుదరదు. మార్చాలంటే మెట్టు తీయాలి. మెట్టు తీస్తే శిలువ కూలి ఒబదయా గారి మీదే పడుతుంది" అన్నాడు. లెటీషియా గుండె బాదుకుని, "ఒక్కరోజు ముందు పోతే నీ సొమ్మేం పోయేది వదినా!" అని ఒకటే ఏడుపు.

తర్వాత చాలా ఏళ్ళు బతికింది, టీ తాగుతూ. అదిగో, గోడ వార, ఎండ పడేచోట పెట్టారు. పేరొక్కటే ఉంటుంది, ఎవరి భార్యో రాయలేదు. ఒబదయా పక్కన జాగానా? ఖాళీయే. లెటీషియా కూడా అడగలేదు.

కాలు తియ్యవే, దురదగొండి మీద నిలబడ్డావు.