వీపుకి వీపు ఆనించిన చోట

పాచికలు వేస్తూ కత్తియుద్ధాల కథ అల్లుకునే ఆట ముగిసింది. ఆ కథ నడిపి తీర్పులు చెప్పే బావ, అందులో సంజీవ్ అనే కుర్రాడితో జట్టుగా ఆడిన మరదలు ఇన్సేన్ ఊరు వెళ్ళే రైల్లో ఎదురెదురుగా కూర్చున్నారు.

"బావా, నానూ సంజీవూ వీపుకి వీపు ఆనించి కొట్టాడుతున్నాం కదా. మరి అతని వీపులో కత్తెలా దిగింది?"

"పాచిక తక్కువ పడింది. గాయమని తీర్పు చెప్పాను."

"గాయం సరే. పొడిసినోడెవడు? అతని ఎనకాల ఉన్నది నానే కదా."

"చీకట్లో ఎవడో దూరుంటాడు."

"మిట్టమజ్జాన్నం అని చెప్పింది నువ్వే."

"ఆడికెంత నొప్పెట్టిందో గాని, నీకు మాత్రం తెగ నొప్పెడుతోంది."

"ఆట నేర్పింది నువ్వే బావా. తోడు లేకండా దగ్గరి పోట్లాటలోకి దిగొద్దన్నావు."

"తోడంటే ఆడేనేటి?"

"మరెవరు? కథ నడిపేవోడివి, నీకు అందులో మనిషి లేడు కదా. అయినా మా ఇద్దరి మద్దిన గాలి కూడా దూరదని ముందే చెప్పాను."

"చెప్పావు. నవ్వుతూ రెండుసార్లు చెప్పావు."

"మరి కత్తి దూరే సందెక్కడిది?"

"సందు లేకపోబట్టే కదే, కత్తితో చేసుకున్నాను."